మిమ్మల్ని పడేసింది ముందు బ్రేకేనా?

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. 2016 మోడల్ 150 సీసీ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని నాలుగు నెలలయింది. జూన్ తొలి వానలో, తణుకు దగ్గర కాలువ గట్టు రోడ్డు మలుపులో గేదె అడ్డం వస్తే ముందు బ్రేకు పట్టుకున్నారు. ముందు చక్రం జారింది, మీరు ఎడమ పక్కకు పడ్డారు, మణికట్టు ఎముక చిట్లింది. ఇకపై ముందు బ్రేకు జోలికే పోవద్దనీ, వెనక బ్రేకు ఒక్కటే వాడమనీ మీ స్నేహితులు చెబుతున్నారు. అది నిజమేనా అని అడిగారు. చేయి బాగయ్యాక భార్యతో కలిసి మారేడుమిల్లి వెళ్లాలనుకుంటున్నామని కూడా రాశారు.

నేను పురుగుమందుల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం చేస్తూ ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాల పల్లెల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా రోజూ దాదాపు 100 కిలోమీటర్లు బండి మీదే తిరిగినవాణ్ణి. నేను మెకానిక్‌ను కాను, రేసులు నడిపినవాణ్ణీ కాను. ఎముకలు విరిగేంతగా రెండుసార్లు, చర్మం ఊడేంతగా చాలాసార్లు పడ్డాను. పడిన ప్రతిసారీ చిట్టచివర కళ్లకు కనిపించిన దాని మీదే నెపం వేశాను. ఒకసారి బస్సు, ఒకసారి ధాన్యం, ఒకసారి ఘాట్ రోడ్డు. మీరు ఇప్పుడు బ్రేకును తప్పుపడుతున్నట్టే నేనూ చేశాను. అసలు కారణం అంతకు కొన్ని క్షణాల ముందో, కొన్ని నెలల ముందో ఉన్నదని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

మీ స్నేహితుల సలహా నాకు కొత్తది కాదు. 1996లో నేను బండి నేర్చుకున్నప్పుడు మా పెదనాన్న చెప్పిన మొదటి మాట అదే: "ముందు బ్రేకు ముట్టుకున్నావా, గిరాటేస్తుంది." రెండేళ్లు ఆయన మాట జవదాటలేదు. 1998లో ఒక సాయంత్రం పొడి రోడ్డు మీద, నిటారుగా, అరవై వేగంతో వెళుతుండగా ముందున్న పల్లెవెలుగు బస్సు ప్రయాణికుడి కోసం ఆగింది. నేను వెనక బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. వెనక చక్రం తిరగడం మానేసి, కీచుమంటూ పాములా మెలికలు తిరుగుతూ జారుకుంటూ పోయింది కానీ బండి ఆగలేదు. బస్సు వెనక భాగానికి గుద్దుకుని భుజం దగ్గర ఎముక విరిగింది. హెల్మెట్ ఉన్నది, అయితే అది అద్దానికి తగిలించి ఉన్నది. తలకు దెబ్బ తగలకపోవడం నా తెలివి కాదు.

ఆ సంవత్సరమంతా బస్సు డ్రైవరును తిట్టుకున్నాను. కానీ లెక్క వేసి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదాన్ని కళ్లు చూసి, కాలో చేయో కదలడానికి ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 17 మీటర్లు పోయాయి. ఆ తరువాత పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ సరిగా వాడితే ఇంకో 20 మీటర్లలో బండి ఆగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే వాడితే ఆ 20 మీటర్లు ఇంచుమించు రెట్టింపవుతాయి. నాకు, బస్సుకు మధ్య ఉన్న దూరం మొదటి లెక్కకు సరిపోయేది, రెండో లెక్కకు సరిపోలేదు.

ఇందులో మాయ ఏమీ లేదు. బ్రేకు వేసినప్పుడు బండి బరువు, మనిషి బరువు ముందుకు ఒరుగుతాయి. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డ ప్రయాణికులంతా ముందుకు తూలినట్టే ఇదీ. గట్టిగా బ్రేకు పడిన సమయంలో బండి మోసే బరువులో చాలా భాగం ముందు చక్రం మీదే ఉంటుంది, వెనక చక్రం తేలికైపోతుంది. బరువు ఎక్కడ ఉంటే పట్టు అక్కడ ఉంటుంది. కనుక ఆపే శక్తిలో సింహభాగం ముందు బ్రేకుదే. దాన్ని వదులుకోమనడం అంటే బండికి ఉన్న బలమైన చేయిని వెనక్కు కట్టేయమనడమే.

అయితే ఆ చేయిని ఎలా వాడాలో మనకు ఎవరూ నేర్పరు. లీవరును ఒక్కసారిగా గుంజితే, బరువు ముందు చక్రం మీదకు చేరకముందే చక్రం బిగుసుకుపోతుంది, పట్టు తప్పుతుంది. నిమ్మకాయ పిండినట్టు పట్టుకోవాలి. మొదట కొద్దిగా నొక్కితే ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు కడ్డీల జత, కిందికి దిగుతుంది, అది దిగిందని చేతికి తెలుస్తుంది, అప్పుడు గట్టిగా పిండాలి. ఇదంతా కలిపి అర సెకనులో జరిగే పని. కానీ ఆ అర సెకనును రెండు ముక్కలు చేయడం చేతికి అలవాటు కావాలి. మీ బండి 2016 నాటిది కనుక దానికి ఏబీఎస్ ఉండి ఉండదు. 125 సీసీ దాటిన బళ్లలో కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి మాత్రమే అది తప్పనిసరి అయింది. చక్రం బిగుసుకోకుండా యంత్రం చూసుకునే ఆ పనిని మీ బండిలో మీ చేతివేళ్లే చేయాలి.

ఇక మీరు పడిన తీరు. మీరు మామూలుగా రాసేసిన మూడు సంగతులు నాకు గేదె కంటే ముఖ్యమైనవిగా కనిపించాయి. మలుపులో యాభైలో ఉన్నానని రాశారు. వాన మొదలై ఐదు నిమిషాలయిందని రాశారు. ముందు టైరుకు "గుండీలు ఇంకా బాగానే ఉన్నాయి, కంపెనీతో వచ్చిన టైరే" అని రాశారు.

మూడోదానితో మొదలుపెడతాను. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 1816 అని ఉంటే 2016లో పద్దెనిమిదో వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగిన బండికి గుండీలు అరగకపోవచ్చు, కానీ ఎండకు, గాలికి రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. గోరుతో నొక్కితే కొత్త టైరు కొద్దిగా లొంగుతుంది, పాతది కర్రలా ఉంటుంది. పక్క గోడల మీద సన్నటి బీటలుంటే ఇక చెప్పనక్కరలేదు. పొడి రోడ్డు మీద ఆ టైరు మిమ్మల్ని నాలుగు నెలలు మోసింది కనుక బాగున్నదనుకున్నారు. తడి రోడ్డు ఒక్కసారి అడిగేసరికి దాని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేకపోయింది.

తొలి వాన సంగతి పల్లెల్లో బండి నడిపేవారికి తెలిసే ఉండాలి కానీ, మాకూ తెలియదు. నెలల తరబడి రోడ్డు మీద పడిన డీజిలు, ఆయిలు, టైరు పొడి, దుమ్ము కలిసి ఉంటాయి. జోరు వాన అరగంట పడితే అవి కొట్టుకుపోతాయి. మొదటి పది, పదిహేను నిమిషాల జల్లు మాత్రం వాటిని పలచటి జిగురులా పైకి తెస్తుంది. మన డెల్టా రోడ్ల మీద దీనికి తోడు, దమ్ము చేసి రోడ్డెక్కిన ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన రేగడి మట్టి ఉంటుంది. అది తడిస్తే సబ్బు నయం. వాన మొదలవగానే తొందరగా ఇల్లు చేరాలని వేగం పెంచుతాం. నా మట్టుకు నేను చినుకు పడగానే ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఆగి, ఒక టీ తాగేంతసేపు రోడ్డును కడగనిస్తాను. తడిలో లెవెల్ క్రాసింగు పట్టాలు, వంతెనల మీద ఇనుప అతుకులు, రోడ్డు మీద వేసిన తెల్ల రంగు గీతలు కూడా ఇలాంటివే. పట్టాలను ఏటవాలుగా కాకుండా నిటారుగా దాటండి, వాటి మీద ఉండగా బ్రేకు వేయకండి.

మలుపు విషయానికి వస్తే, టైరుకు ఉండే పట్టు ఒక కుండలో నీళ్లలాంటిది. మలుపు తిరగడానికీ బ్రేకు వేయడానికీ అదే కుండలోంచి తోడాలి. పొడి రోడ్డు మీద కుండ నిండా ఉంటుంది, తొలి వాన జిడ్డు తడిలో సగం కూడా ఉండకపోవచ్చు. మీరు యాభైలో బండిని వాల్చినప్పుడే ఉన్నదంతా దాదాపుగా తోడేశారు. ఆ తరువాత బ్రేకు అడిగారు. ఆ క్షణంలో వెనక బ్రేకు గట్టిగా తొక్కినా పడేవారే, కాకపోతే వెనక చక్రం జారి పడేవారు. మలుపు కనిపించగానే, బండి ఇంకా నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకోవాలి. మలుపు మధ్యలో ఏదైనా అడ్డం వస్తే, రోడ్డు చాలినంత ఉంటే ముందు బండిని నిటారుగా లేపి, ఆ తరువాత బ్రేకు పిండాలి. చెప్పినంత తేలిక కాదు. అందుకే కాలువ గట్టు మీద, అవతలి వైపు కనిపించని మలుపుకు ముప్ఫై చాలు.

ఇప్పుడు నా రెండో పెద్ద పతనం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సార్వా కోతల కాలంలో మీరూ ఆ రోడ్ల మీదే తిరుగుతారు. రైతులు ధాన్యాన్ని రోడ్డుకు ఒక పక్క ఆరబోస్తారు. సాయంత్రానికి కుప్ప చేసి, నల్ల బరకం కప్పి, బరకం ఎగిరిపోకుండా, బళ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లో, తాటి దుంగలో పెడతారు. నల్లటి తారు మీద నల్లటి బరకం, దాని పక్కన మట్టి రంగు రాయి. డిసెంబరు రాత్రి, మంచు పట్టి ఉన్నది. ఎదురుగా లారీ డిమ్ చేయకుండా వస్తోంది. ఎదుటి వెలుతురు కళ్లలో పడితే రోడ్డు ఎడమ అంచును చూస్తూ వెళ్లమని అందరూ చెబుతారు. నేను అంచును చూడడంతో ఆగక, లారీకి దూరంగా ఉండాలని అంచు వైపే జరిగాను. యాభై ఐదులో వెళ్లి రాయిని గుద్దాను. కుడి కాలి ఎముక విరిగింది, నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను.

ఆ మంచం మీద రైతును తిట్టుకుంటూ గడిపాను. రోడ్డు మీద ఆరబోయడం తప్పే, దానివల్ల మనుషులు పోతున్నారు కూడా. కానీ కల్లం అన్నది ఊళ్లలో కరువైపోయి, తేమ ఎక్కువుంటే ధాన్యం కొనేవాడు లేక, తారు రోడ్డు తప్ప వేరే దిక్కు లేని మనిషి గురించి నాకు తెలుసు. నేను మందులు అమ్మింది అతనికే. పైగా ఆ రోడ్డు మీద ధాన్యం ఉన్న సంగతి నాకు పగలే తెలుసు. నాలుగు గంటలప్పుడు అదే దారిన వెళ్లాను. తెలిసీ యాభై ఐదులో వెళ్లాను. డిమ్‌లో నా బండి దీపం ముప్ఫై, నలభై మీటర్లకు మించి పనికొచ్చేంత వెలుతురు ఇవ్వదు. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం యాభై ఐదులో ఆగడానికి దాదాపు 32 మీటర్లు కావాలి, అదీ పొడి రోడ్డు మీద. అంటే మంచు పట్టిన ఆ రాత్రి నేను దీపం చూపించగలిగిన దూరాన్ని దాటి నడుపుతున్నాను. కళ్లు మిరుమిట్లు గొలిపితే చేయవలసింది పక్కకు జరగడం కాదు, వేగం తగ్గించడం. తరువాతి రోజుల్లో నేను పాటించిన పద్ధతి ఒక్కటే: కోతల కాలంలో చీకటి పడ్డాక నలభై దాటను, ఆలస్యమైతే ఆ ఊళ్లోనే పడుకుంటాను.

పగటిపూట పొరపాటున ధాన్యం మీదకో, మొక్కజొన్న మీదకో ఎక్కితే బ్రేకు వేయకండి, హ్యాండిల్ తిప్పకండి. గింజలు చక్రం కింద గోళీల్లా దొర్లుతాయి. యాక్సిలరేటరు వదిలి, నిటారుగా, తేలిగ్గా పట్టుకుని దాటేయండి. ఇంకొక మాట. చూపు ఎటు ఉంటే బండి అటే పోతుంది. రాయి కనిపించిన ఆఖరి క్షణంలో నేను రాయినే చూస్తూ ఉండిపోయాను. పక్కన మూడు గజాల ఖాళీ రోడ్డు ఉన్నదని తెల్లవారాక చూసినవాళ్లు చెప్పారు.

మారేడుమిల్లి ప్రయాణం గురించి. ఎక్కడం కంటే చింతూరు వైపు దిగడంలోనే జాగ్రత్త కావాలి. నా చిన్నతనపు తెలివి ఏమిటంటే, ఘాట్ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో వదిలేయడం. అలా దిగుతూ కొన్ని మలుపుల తరువాత కాలిన వాసన వచ్చింది, వెనక పెడల్ మెత్తగా కిందికి దిగింది, బండి మాత్రం ఆగలేదు. వెనక బ్రేకు డ్రమ్ములో దాన్ని రాసుకుని ఆపే లైనర్లు వేడెక్కి పట్టు కోల్పోయాయన్నమాట. కొండ వైపు ఉన్న కాలువలోకి నేనే కావాలని దించాను. మోకాలు చిట్లింది, అటు పక్కన లోయ ఉన్నది కనుక బేరం చవకే అనుకున్నాను. ఏ గేరులో ఆ కొండ ఎక్కగలరో ఆ గేరులోనే దిగండి. సాధారణంగా రెండో గేరు, మరీ వాలు లేకపోతే మూడోది. ఇంజను పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల కోసం మిగులుతుంది. స్కూటరు మీద వెళ్లే స్నేహితులెవరైనా మీతో వస్తుంటే వారికి ఈ సౌకర్యం తక్కువ, మధ్యమధ్య ఆగి బ్రేకులు చల్లారనివ్వమని చెప్పండి.

వెనక మనిషి కూర్చుంటే బండి వేరే బండి అవుతుంది. ఆగే దూరం పెరుగుతుంది, ముందు చక్రం తేలికవుతుంది. వెనక టైరులో గాలి ఇద్దరికి చెప్పిన లెక్క ప్రకారం పెట్టించండి, అది చైన్ కవరు మీదో, పుస్తకంలోనో ఉంటుంది. మీ ఆవిడ చీర కట్టుకునే పక్షంలో వెనక చక్రానికి చీర గార్డు ఉందో లేదో చూడండి. వెనక చక్రంలో కనీసం సగం కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలే చెబుతున్నాయి, కానీ సెకండ్ హ్యాండ్ బళ్లకు అందం కోసమని దాన్ని విప్పేసి ఉంటారు. మా చెల్లెలి కొంగు ఒకసారి చక్రంలో పడింది. సందులో పదిహేను వేగంలో ఉన్నాం కనుక చీర చిరిగి ఊరుకున్నది. కొంగు నడుముకు దోపుకోవడం, చున్నీ అయితే ముడి వేసుకోవడం బండి ఎక్కకముందే జరగాలి.

ఆమెకూ హెల్మెట్ కావాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవారే. అదే ఏడాది హెల్మెట్ లేక పోయినవారు 50,029 మంది, వారిలో 14 వేలకు పైగా వెనక కూర్చున్నవారు. ఐఎస్ఐ గుర్తు, లోపల గట్టి థర్మకోల్ ఉన్నది కొనండి, గడ్డం కింద పట్టీ బిగించండి. మీరు పడినప్పుడు పెట్టుకున్న హెల్మెట్ రోడ్డుకు తగిలి ఉంటే పైకి బాగానే ఉన్నా దాన్ని పక్కన పెట్టేయండి. లోపలి థర్మకోల్ ఒక్క దెబ్బకే నలిగేది, రెండోసారి పనికిరాదు.

చేయి బాగయ్యేదాకా ఇంట్లోనే ఉంటారు కనుక ఖాళీగా కూర్చోలేక బండి తుడవాలని అనిపిస్తుంది. చైను శుభ్రం చేసేటప్పుడు ఇంజను ఆపి, న్యూట్రల్‌లో, చక్రాన్ని చేత్తో తిప్పుకోండి. ఇంజను నడుస్తూ, గేరులో చక్రం దానంతటది తిరుగుతుంటే గుడ్డ పట్టడం తేలిక అని నేనూ అనుకున్నాను. నా ఎడమ ఉంగరపు వేలు కొన ఇప్పుడు లేదు.

మెకానిక్ దగ్గర ముందు ఫోర్కు వంకర పోయిందేమో, బ్రేకు డిస్కు వంగిందేమో చూపించి, రెండు టైర్లూ మార్పించండి. ఖర్చు చూసి ముందుది ఒక్కటే మారుద్దామనుకుంటే అలాగే చేయండి, వెనకది మార్చి ముందుది ఉంచకండి. ఆర్‌సీ మీ పేరు మీదకు మారిందో లేదో కూడా ఈలోగా చూసుకోండి. యజమానికి ఉండే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీ పేరు మీద పాలసీ ఉండి, చెల్లే లైసెన్సు ఉంటేనే మీకు అక్కరకొస్తుంది. సెకండ్ హ్యాండ్ బళ్ల విషయంలో ఎక్కువ మంది ఇక్కడే చిక్కుకుంటారు.

కట్టు విప్పిన తరువాత నేరుగా రోడ్డెక్కవద్దు. ఊరి బయట పొడిగా, చదునుగా ఉన్న సిమెంటు రోడ్డో, ఖాళీ మార్కెట్ యార్డో చూసుకోండి. ఇటుక ముక్క ఒకటి గుర్తు పెట్టుకుని, ఇరవై వేగంలో వచ్చి అక్కడి నుంచి రెండు బ్రేకులతో ఆపి, ఎన్ని అడుగుల్లో ఆగిందో కొలవండి. తరువాత ముప్ఫై, తరువాత నలభై. వెనక బ్రేకు ఒక్కదానితో కూడా ఒకసారి కొలిచి చూడండి, మీ స్నేహితులను వెంట తీసుకెళితే మరీ మంచిది. ఇరవై నుంచి నలభైకి వెళ్లేసరికి వేగం రెట్టింపయినా దూరం నాలుగింతలు కావడం మీ అడుగులకే తెలుస్తుంది. వారానికి రెండు రోజులు, రోజుకు పదిహేను సార్ల చొప్పున ఒక నెల చేస్తే చేయి తనంతట తానే రెండు దశల్లో పిండడం నేర్చుకుంటుంది. అయితే వీటన్నింటికంటే ముందు, ఆగి ఉన్న బండి మీద కూర్చుని ఆ చేత్తో లీవరును పూర్తిగా పట్టి, పది లెక్కపెట్టేదాకా నొప్పి లేకుండా ఉంచగలరేమో చూడండి. అది కుదరకపోతే డాక్టరు కట్టు విప్పినా సరే, ఇంకో రెండు వారాలు ఆగండి. మారేడుమిల్లి వానలు తగ్గాక నవంబరులో ఇంకా బాగుంటుంది.